ఎండ ఒకవైపు, గాలి ఒకవైపు

డిసెంబరు చివరి వారంలో కళింగపట్నం దగ్గర సూర్యుడు 6.20 ప్రాంతంలో సముద్రం మీంచి లేస్తాడు. 7.10 అయ్యేసరికి పది డిగ్రీల ఎత్తు దాటేస్తాడు. నీటి అంచున తిరిగే పిట్టల్ని మెత్తటి వెలుతురులో ఫొటో తీయాలనుకునేవారికి ఆ పొద్దున దక్కేది ఇంచుమించు ఈ యాభై నిమిషాలే. ఆ తర్వాత కూడా పిట్టలుంటాయి, కేమెరా ఉంటుంది, వెలుతురు మాత్రం మొరటుదైపోతుంది.

ఫొటోగ్రఫీ పుస్తకాలు ‘గోల్డెన్ అవర్’ అని ఒకటి చెబుతాయి. వాటిలో చాలామటుకు చలిదేశాల్లో కూర్చుని రాసినవి. లండన్‌లో డిసెంబరు 21న నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. అంటే అక్కడ పగలంతా వాలువెలుతురే, తీరిగ్గా టీ తాగి వెళ్లినా నడుస్తుంది. అదే రోజు శ్రీకాకుళంలో మధ్యాహ్నానికి సూర్యుడు 48 డిగ్రీలు ఎక్కుతాడు. పద్దెనిమిదో అక్షాంశం మీద ఆయన దారి నిటారుగా ఉంటుంది, తెల్లారడమూ తొందరే, ఎండ ముదరడమూ తొందరే. పైగా తెలుగునేలకు తూర్పుకొస ఈ జిల్లాయే. విజయవాడ అలవాటుతో అలారం పెట్టుకున్నవారు పది నిమిషాలు నష్టపోతారు. ఉన్న యాభైలో పది అంటే తక్కువేం కాదు.

వాలుపొద్దు వెలుతురు గురించి మాట్లాడేటప్పుడు రెండు వేరు వేరు గుణాల్ని కలిపేస్తుంటాం. ఒకటి రంగు, రెండోది మెత్తదనం. రంగు సంగతి గాలికి సంబంధించింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు కిరణం అయిదున్నర రెట్లు గాలిని చీల్చుకుని రావాలి. సరిగ్గా నీటిగీత మీద ఉన్నప్పుడైతే దాదాపు 38 రెట్లు. గాలి అణువులు ముదురు ఎరుపు కన్నా నీలాన్ని సుమారు ఆరు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. దారి పొడవయ్యే కొద్దీ నీలం పక్కలకు పోయి, నేరుగా వచ్చే ఎండలో పసుపూ ఎరుపూ మిగులుతాయి. చెదిరిన నీలం ఎక్కడికీ పోదు. ఆకాశం నుంచి దిగి నీడల్లో చేరుతుంది. పొద్దుటి పూట తెల్లకొంగ ఒక పక్క వెన్నరంగులోనూ, రెండో పక్క లేతనీలంలోనూ కనిపించేది అందుకే.

మెత్తదనం సంగతి వేరు. అది వెలుతురు ఎంత పెద్ద చోటు నుంచి వస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అంత చిన్నచోటు నుంచి వచ్చే వెలుతురు నీడను కత్తితో కోసినట్టు గీస్తుంది. పెళ్లిపందిరి మీద తెల్లగుడ్డ కడితే కింద ఎవరి మొహాన్నీ నీడలు పొడవవు, వెలుతురు గుడ్డంతటి నుంచీ దిగుతుంది కాబట్టి. పొద్దెక్కక ముందు ఆకాశం చేసే పని అదే. సూర్యుడు లేచిన తర్వాత కొద్దిసేపు ఎండా ఆకాశమూ బలంలో పోటాపోటీగా ఉంటాయి. ఎండ రూపాన్ని చెక్కుతుంటే ఆకాశం నీడల్ని పూడుస్తుంటుంది. ఎండ గెలిచేశాక ఫొటోలో మిగిలేది తెల్లటి మచ్చ, నల్లటి మచ్చ.

ఇక్కడ సముద్రం కూడా ఓ చెయ్యి వేస్తుంది. అల విరిగినప్పుడల్లా ఉప్పునీటి తుంపర గాలిలోకి లేచి, నీరు ఆరిపోయి సన్నటి ఉప్పు రేణువులు మిగులుతాయి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే అవి మళ్లీ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. తెల్లవారుజామున ఈ తీరంలో తేమ అంతకు పైమాటే. ఉబ్బిన రేణువులు అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొట్టి తెల్లటి పల్చటి తెర కడతాయి. దూరంగా సరుగుడు తోటలు మసకబారి, పిట్ట వెనక పుట్టిన గందరగోళమంతా సర్దుకుంటుంది. తొమ్మిదయ్యేసరికి ఇసుక కాలి, పైగాలి మరగడం మొదలవుతుంది. పొడవాటి లెన్సులోంచి చూస్తే పిట్ట నీటిలో వణికే ప్రతిబింబంలా ఉంటుంది. లెన్సు ఎంత ఖరీదైనదైనా ఆ వణుకును సరిచేయలేదు. నౌపడ ఉప్పుమడుల గట్టు మీద ఒక కూలీ ఈ శాస్త్రాన్ని ఒక్కమాటలో తేల్చేశాడు: “ఎండెక్కితే మా కళ్లకే ఆనదు బాబూ, మీ కేమెరాకేటి ఆనుతాది?”

ఇదంతా ఏ తీరానికైనా వర్తించేదే. ఉత్తరాంధ్ర లాంటి తూర్పు తీరానికి ఉన్న ఇబ్బంది మరొకటుంది. ఇక్కడి పక్షి ఫొటోల్లో చాలావి పాడవడానికి అదే కారణమని నా నమ్మకం.

పటం చూడండి. భోగాపురం, కోనాడ నుంచి కళింగపట్నం, బారువ మీదుగా ఇచ్ఛాపురం దాకా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. చలికాలంలో సూర్యుడు లేచేది తూర్పుకు పాతిక డిగ్రీలు దక్షిణంగా, అంటే సముద్రం వైపు నుంచే. గట్టు మీద నిలబడి అలల అంచున పరుగెత్తే పిట్టను చూస్తే, సూర్యుడు దాని వెనక ఉంటాడు. మనకు కనిపించేది నీడబొమ్మ. సాయంత్రం సూర్యుడు నేల వైపుకు దిగుతాడు, అప్పుడు వెలుతురు మన భుజం మీంచి పిట్ట మీద పడాలి. పడుతుంది కూడా. కానీ పిట్ట మనకు వీపు చూపిస్తూ ఉంటుంది.

ఎందుకంటే గాలి. నిలబడ్డ పిట్ట గాలికి ఎదురుగా తిరిగి నిలబడుతుంది. ఈకలు తల నుంచి తోకవైపు పరుచుకుని ఉంటాయి కాబట్టి, వెనక నుంచి గాలి కొడితే అవి లేచిపోతాయి, లోపలి వెచ్చదనం పోతుంది. ఎగరాలన్నా వాలాలన్నా ఎదురుగాలే కావాలి. రాత్రంతా నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడుతుంది కాబట్టి, తెల్లవారుజామున గాలి గట్టు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. పగలు నేల కాగి, సాయంత్రానికి గాలి సముద్రం నుంచి లోపలికి వస్తుంది. పొద్దున్న సూర్యుడు సముద్రం వైపు, గాలి నేల వైపు. సాయంత్రం సూర్యుడు నేల వైపు, గాలి సముద్రం వైపు. గాలికి ఎదురు నిలిచిన పిట్టకు రెండు పూటలా సూర్యుడు వెనకే ఉంటాడు.

మల్పే దగ్గరో గోవాలోనో ఇది తలకిందులు. పడమటి తీరంలో పొద్దుటి ఎండా గట్టుగాలీ రెండూ నేల వైపు నుంచే వస్తాయి, సాయంత్రపు ఎండా సముద్రగాలీ రెండూ సముద్రం వైపు నుంచే. అక్కడి పిట్ట గాలికి మొహమిస్తే ఎండకూ మొహమిచ్చినట్టే. మనవాళ్లు అక్కడి ఫొటోలు చూసి తమ కేమెరాను తిట్టుకుంటారు. తప్పు కేమెరాది కాదు, భారతదేశానికి రెండు వైపులా సముద్రం ఉండడానిది.

ఇది ఇనుప సూత్రమేమీ కాదు. గాలి లేని పూట, మేతలో మునిగిన పూట పిట్ట ఎటైనా తిరుగుతుంది. డిసెంబరు, జనవరిలో ఈశాన్యగాలి గట్టిపడ్డ రోజున పరిస్థితి ఇంకా మెరుగు. సూర్యుడు ఆగ్నేయం వైపు, గాలి ఈశాన్యం నుంచి. రెంటికీ మధ్య ఇంచుమించు లంబకోణం. అప్పుడు పిట్ట తీరం వెంబడి మొహం పెట్టి నిలబడుతుంది, ఎండ పక్కనుంచి కొడుతుంది. ముక్కు, కన్ను, రెక్కల మడత అన్నీ వేరువేరుగా తేలతాయి. ఎండను వీపున పెట్టుకోవాలంటే ఏటిమొగలకు వెళ్లాలి. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళానికి దిగువన నాగావళి సముద్రంలో కలిసేచోట ఇసుకమేటలు పడి, వాటి లోపలి వైపు నిలవనీరు ఉంటుంది. మేట మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటే పొద్దుటి ఎండ మన వెనక నుంచి నీటి మీద పడుతుంది.

ఎండ పక్కనుంచి పడాలని ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ పిట్టలు పైనుంచి పడే ఎండకు లొంగకుండా తయారైనవి. ఉల్లంకులను గానీ ప్లోవర్లను గానీ చూడండి, వీపు ముదురు, పొట్ట తెలుపు. దీని గుట్టును బయటపెట్టింది అబట్ థాయర్ అనే అమెరికన్ చిత్రకారుడు, 1896లో. పైనుంచి వెలుతురు పడే ఏ గుండ్రటి వస్తువైనా పైన తెల్లగా, కింద నల్లగా కనిపిస్తుంది. ఆ తేడా వల్లే అది గుండ్రంగా ఉందని కన్ను కనిపెడుతుంది. పైన ముదురు రంగూ కింద లేత రంగూ వేస్తే ఆ తేడా చెల్లుకుపోయి, వస్తువు చదునై నేలలో కలిసిపోతుంది. చిలగడదుంప ఆకారపు ముద్దలకు అలా రంగులేసి, నేలకు కాస్త ఎత్తున అమర్చి, పక్షిశాస్త్రజ్ఞుల ఎదుట వాటిని మాయం చేసి చూపించాడు. చిత్రకారుడి జీవితమంతా చదునైన గుడ్డ మీద గుండ్రదనాన్ని పుట్టించడమే కదా, దాన్ని చెరపడం ఎలాగో అతనికే తట్టింది.

కాబట్టి పదకొండు గంటల ఎండలో శాండ్ ప్లోవర్‌ను ఫొటో తీయడమంటే, అది దాక్కోవడానికి పుట్టిన వెలుతురులోనే దాన్ని వెతకడం. అదే పిట్ట మీద ఏడింటికి ఎండ అడ్డంగా పడితే లెక్క తప్పుతుంది. తెల్లటి పొట్ట వెలుగుతుంది, వీపు చీకట్లోకి జరుగుతుంది, ఒళ్లంతా గుండ్రంగా లేచి నిలబడుతుంది. తడి ఇసుక కూడా కలిసొస్తుంది. నిటారుగా పడ్డ వెలుతురులో నీరు తిప్పికొట్టేది రెండు శాతమే. సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉంటే మూడోవంతుకు పైగా తిప్పికొడుతుంది. అలా, వెనుదిరిగి పోయే కెరటం పరిచిన పల్చటి నీటిపొర కిందినుంచి పొట్టకు ఎండ అందిస్తుంది.

థాయర్ తర్వాత్తర్వాత మరీ శ్రుతిమించాడు. 1909లో వచ్చిన పుస్తకంలో, రాజహంసలు గులాబీరంగులో ఉండేది ఉదయ సాయంకాలపు ఆకాశంలో కలిసిపోవడానికేనన్నారు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు పక్షుల మీద మంచి పట్టుంది. ఆయన దీన్ని 1911లో చీల్చి చెండాడాడు. పులికాట్‌లో సాయంత్రం పూట రాజహంసల్ని చూసినవారెవరికైనా తెలుసు, వెలుతురుకు అడ్డంగా నిలిచిన పిట్ట ఏ రంగుదైనా నల్లగానే కనిపిస్తుంది. ఆ గులాబీరంగు ఆకాశం నుంచి రాదు, మేత నుంచి వస్తుంది.

మేత దగ్గరకొచ్చాం కాబట్టి నీటి సంగతి. ఆటు తీసినప్పుడు బయటపడే బురదలో పురుగూ పీతా దొరుకుతాయి, పిట్టలు అక్కడికి దిగుతాయి. పోటు వేళ గట్టెక్కి గుంపుగా నిలబడి నిద్రపోతాయి. ఆటుపోట్లు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. వారం రోజుల్లో అది ఆరుగంటల తేడా అవుతుంది. ఇవాళ తెల్లారేసరికి ఆటు ఉంటే వచ్చేవారం ఇదే వేళకు పోటు ఉంటుంది. మళ్లీ పక్షం గడిస్తే గానీ తెల్లవారుజాముకూ ఆటుకూ పొత్తు కుదరదు. గడియారం కన్నా పంచాంగం నయం. ఒక ఏటిమొగలో ఫలానా తిథినాడు నీరు ఎప్పుడు దిగిందో ఒకసారి రాసిపెట్టుకుంటే, మరుసటి పక్షం అదే తిథికి ఇంచుమించు అదే వేళకు దిగుతుంది. అలివి వల లాగేవాళ్లు ఈ లెక్క కాగితం లేకుండానే చెబుతారు.

ఈ బాధ లేని చోటు నౌపడ. టెక్కలి దగ్గర, ఉప్పుటేరు ఒడ్డున ఉప్పుమడులు. మడుల్లో నీటిమట్టం చంద్రుడి చేతిలో కాక మనిషి చేతిలో ఉంటుంది. పక్కపక్క మడుల్లో ఉప్పదనం మెట్లుమెట్లుగా పెరుగుతుంది. తక్కువ ఉప్పున్న మడుల్లో చేపపిల్లలు, ఉప్పెక్కిన మడుల్లో ఆ ఘాటుకు తట్టుకునే సన్నటి పురుగూ లార్వా. అందుకే ఒక గట్టు మీద కూర్చుంటే ఎడమవైపు నారాయణపక్షి చేప కోసం కాచుకుని ఉంటుంది, కుడివైపు పాతిక గ్రాముల లిటిల్ స్టింట్ కుట్టుమిషను సూదిలా బురదను పొడుస్తుంటుంది. గట్టు మీద నిలబడకూడదు, కూర్చోవాలి. వీలైతే బోర్లా పడుకోవాలి. మన తల ఆకాశపు అంచుగీత కిందికి దిగిపోతే పిట్టకు మనిషి ఆకారం అందదు. పైగా లెన్సు దాని కంటి ఎత్తుకు వస్తే వెనక నేల దూరమై మసకబారుతుంది.

తేలినీలాపురం ఈ మడులకు దగ్గరే. ఊళ్లో చెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్లకొంగలూ చలికాలమంతా గూళ్లు కడతాయి. అవి రావడాన్ని ఊరివారు శుభంగా తలుస్తారు. ఎర్రకాళ్లకొంగ మేత మేయడం దగ్గరగా చూడవలసిన వేడుక. ముక్కును సగం తెరిచి నీట ముంచి, అటూఇటూ తిప్పుతూ నడుస్తుంది. ఒక్కోసారి కాలితో బురద కదుపుతుంది. చూపుతో పనిలేదు, చేప ముక్కు లోపలికి తగిలితే చాలు, టక్కున మూసుకుంటుంది. ఇదే ప్రజాతికి చెందిన అమెరికా ఉడ్ స్టార్క్ మీద 1960లలో చేసిన కొలతల్లో, తగలడానికీ మూసుకోవడానికీ మధ్య సగటున 25 మిల్లీసెకన్లు పట్టిందని తేలింది. సెకనులో నలభయ్యోవంతు. మన చూపుడువేలు షట్టర్ దాకా వెళ్లకముందే చేప గొంతులో ఉంటుంది.

ఆ క్షణాన్ని కదలకుండా పట్టాలంటే షట్టర్ సెకనులో రెండువేలో వంతు ఉండాలి. ఇక్కడే మెత్తటి వెలుతురు తన వెల అడుగుతుంది. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ అయితే, సూర్యోదయ వేళ ఉండేది ఇంచుమించు 400. రెండువందల యాభయ్యో వంతు, ఫొటోగ్రాఫర్ల భాషలో ఎనిమిది స్టాపులు. మధ్యాహ్నం ఐఎస్‌ఓ 100తో, ఎఫ్ 5.6తో, సెకనులో వెయ్యోవంతుకు తీసేదాన్ని పొద్దున్నే అదే వేగానికి తీయాలంటే ఐఎస్‌ఓ 25,600 కావాలి. ఫొటో నిండా ఇసుక చల్లినట్టు ఉంటుంది. కాబట్టి మొదటి పావుగంట నిలబడ్డ పిట్టలకు కేటాయించడం మంచిది, నూట పాతికో వంతైనా సరిపోతుంది. ప్లోవర్ ఎలాగూ సహకరిస్తుంది. నాలుగడుగులు పరుగెత్తి, హఠాత్తుగా ఆగి, ఒక కాలితో నేలను గడగడలాడించి, ఏదైనా కదిలిందా అని పెద్ద కళ్లతో చూసి, అప్పుడు పొడుస్తుంది. అది చూపుతో వేటాడే పిట్ట, ఆగకపోతే దానికే పని జరగదు. ఉల్లంకులు అలా కాదు. వాటి ముక్కుకొసలో స్పర్శ తెలిసే కణాలుంటాయి, ఆగాల్సిన పనిలేకుండా పొడుస్తూ పోతాయి. ఎండ బలపడ్డాక ఉల్లంకుల్ని తీయండి.

తేలినీలాపురం పిట్టల్ని పేపర్లు ఏటా ‘సైబీరియా విహంగాలు’ అని రాస్తాయి. గూడబాతులూ ఎర్రకాళ్లకొంగలూ ఈ ఉపఖండంలోనే మేతను బట్టి, వానను బట్టి చోటు మారేవి. గూడు కట్టేదే ఇక్కడైనప్పుడు సైబీరియా ఎందుకు? నిజంగా ఆర్కిటిక్ సైబీరియా నుంచి వచ్చేది కర్లూ శాండ్‌పైపర్. పిడికెడు బూడిదరంగు పిట్ట. దానికి బోర్డు లేదు, టికెట్ లేదు, మడిగట్టు మీద దాన్ని దాటుకుంటూ మనం గూడబాతుల కోసం వెళతాం. ఏప్రిల్ దాకా ఓపిక పడితే, బయల్దేరే ముందు దాని పొట్ట మచ్చలు మచ్చలుగా ఇటుకరంగు తిరగడం చూడొచ్చు.

ఇలాంటి నీటినేలలు ఇంకా ఉన్నాయంటే ఊరికే లేవు. సోంపేట బీల చిత్తడినేల కోసం 2010 జూలై 14న, నౌపడ తంపర చిత్తడి అంచున కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న జనం థర్మల్ ప్లాంట్లకు ఎదురు నిలిచి పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు పోరాడింది పిట్టల కోసం కాదు, పంట కోసం, చేప కోసం. రెండూ ఒకే నీటిలో ఉంటాయి.

మార్చి దాటితే ఇసుకలో అడుగు చూసి వేయాలి. కెంటిష్ ప్లోవర్ గూడంటూ కట్టదు, ఇసుకలో చిన్న గుంటలో ఇసుకరంగు గుడ్లు పెడుతుంది. తల్లి లేచి కుంటుతున్నట్టు నటిస్తూ పోతోందంటే ఫొటో దొరికిందని సంబరపడకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ ఎండలో కాసేపు నీడ లేకపోతే గుడ్లు ఉడికిపోతాయి.

జూన్‌లో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి తీరం వెంబడి లేస్తాడు. పక్కవెలుతురు దొరికిందని ఆశపడితే, అప్పటికి నైరుతిగాలి మొదలై పిట్టలన్నీ మళ్లీ ఎండకు వీపు పెడతాయి. వలసపిట్టలూ అప్పటికి ఉండవు. అయితే ఆ వానలతోనే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి, ఊరి చెట్లనిండా గూళ్లు పెడతాయి. మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కు వాటిది. నత్తగుల్లను పగలగొట్టవు, కింది ముక్కుకొసను మూత కిందికి దూర్చి కండను కోసి లోపలి మాంసాన్ని లాగేస్తాయి. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే దీపం. ఎండెటు, గాలెటు అన్న పేచీ ఉండదు, పదకొండింటికైనా తీసుకోవచ్చు. ఒక్కటి చూసుకోవాలి. తెల్లటి మబ్బు మీద తెల్లటి కొంగ ఉంటే కేమెరా మొత్తాన్నీ బూడిదరంగుకు లాగుతుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు పెంచి తీయాలి. అదే కొంగ దున్నిన నల్లమడిలోకి దిగితే ఆ పెంచిందంతా తగ్గించేసి, ఇంకొంచెం కిందికి దించాలి.